కొలువులో అనురాగం - యజమాని దృష్టి

ఇద్దరు మనుష్యులు ఒకే కప్పు క్రింద ఏండ్ల తరబడి పనిచేసినప్పుడు వారి మధ్య స్నేహం కలగడం, కొన్ని వేళల ఆ స్నేహం అనురాగంగా మారడం లోకసహజం. కవికి అది కావ్యవస్తువు. తలిదండ్రులకు అది కులగోత్రాల ప్రశ్న. యజమానికి మాత్రం అది మొట్టమొదట లెక్కకు సంబంధించిన విషయం. పని కుంటుపడుతుందా, కొలువులో పక్షపాతం ప్రవేశిస్తుందా, సంస్థ పరువు పోతుందా, నేర్పిన పనికి పెట్టిన సొమ్ము దండుగ అవుతుందా అని అతడు కూడికలు, తీసివేతలు చేసుకుంటాడు. ఈ లెక్క మన దేశానికి కొత్తది కాదు. రాచకొలువులోను, తోటలోను, కార్ఖానాలోను, సచివాలయంలోను యజమాని దీనిని వేసుకుంటూనే వచ్చినాడు. ఏ కాలంలో ఏ నియమం చేసినాడన్నది ఒక ప్రశ్న. ఆ నియమం వలన నష్టపోయినదెవరన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. ఈ వ్యాసంలో మనం ప్రధానంగా రెండవదానినే అనుసరించి పోదాము.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నూలుశాలను గూర్చి ఒక అధ్యాయమున్నది. రాజుగారి నూలు వడికించే అధికారికి సూత్రాధ్యక్షుడని పేరు. వితంతువులు, అంగవైకల్యం గలవారు, కన్యలు, ఇల్లు కదలని స్త్రీలు, భర్త దేశాంతరం పోయినవారు మొదలైనవారిచేత అతడు నూలు వడికించవలెను. గడప దాటని స్త్రీల వద్దకు తన దాసీలను పంపి మర్యాదగా పని అప్పగించవలెను. తామై నూలుశాలకు వచ్చే స్త్రీల వద్ద తెల్లవారుజామున నూలు తీసుకొని కూలి చెల్లించవలెను. చీకటి ఇంకా విడివడని ఆ వేళ దీపం అవసరమే. అయితే ఆ దీపం నూలు పరీక్షించడానికి మాత్రమే. అధికారి స్త్రీ ముఖం వైపు చూచినా, పనికి సంబంధించని మాట మాట్లాడినా పూర్వసాహసదండం విధించవలెనని శాస్త్రం. అదే గ్రంథంలో మరియొకచోట ఆ దండం 48 మొదలు 96 పణాల వరకు అని ఉన్నది.

ఆ వెంటనే వచ్చే నియమం ఇంకా గమనింపదగినది. కూలి చెల్లించవలసిన కాలం దాటించినచో అధికారికి మధ్యమసాహసదండం, అనగా 200 మొదలు 500 పణాలు. ముఖం చూచిన తప్పుకంటె కూలి ఆపిన తప్పుకు శిక్ష ఎక్కువ. చేయని పనికి కూలి ఇచ్చినా అంతే దండం. కారణం ఊహించడం కష్టం కాదు. ఒక స్త్రీని లోబరచుకొనదలచిన అధికారి చేతిలో రెండు ఆయుధాలున్నవి. ఒకటి కూలి ఆపడం. రెండవది పని లేకుండానే కూలి ఇవ్వడం. ఒకటి బెదిరింపు, ఒకటి ఆశ. కౌటిల్యుడు రెంటినీ ఒకే తక్కెడలో తూచినాడు.

ఇందువలన ఆయనను స్త్రీపక్షపాతి అనడానికి వీలులేదు. కూలి తీసుకొని పని చేయని స్త్రీకి బొటనవ్రేలి మీద క్రూరశిక్ష విధించినవాడు ఆయనే. ఆయన చింత అంతా ఖజానాను గూర్చినది. అయినప్పటికీ ఒక్క సంగతి స్పష్టంగా కనిపిస్తున్నది. అధికారికీ పనిచేసే స్త్రీకీ నడుమ హద్దు మీరినప్పుడు దండం చెల్లించవలసినవాడు అధికారి. కూలి చెల్లించే చేయి ఎవరిదో, బాధ్యత వారిదని ఆ ప్రాచీన నియమం తాత్పర్యం.

ఈ గ్రంథం శతాబ్దాల తరబడి తాటాకులలో మరుగున పడి ఉండి, 1909లో మైసూరులో ఆర్. శామశాస్త్రిగారి చేతిమీదుగా అచ్చుకు వచ్చినది. సరిగా ఆ యేండ్లలోనే సముద్రాలకు ఆవల చెరకుతోటలలో వేలాది భారతస్త్రీలు ఇట్టి రక్షణ ఏదీ లేక పనిచేస్తున్నారు. ఫిజీ దీవులకు 1879లో మొదలైన కూలీల ఎగుమతి 1916 వరకు సాగినది. అరవైవేలకు పైబడిన జనం ఆ దీవులకు చేరినారు. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా తెలుగువారు, తమిళులు కూడ వెళ్లినారు. ఐదేండ్ల ఒడంబడికను వారు గిర్మిట్ అనేవారు. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఉండవలెనని ప్రభుత్వ నిబంధన. పురుషునికి దినకూలి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు ఒంటరి పురుషులు గాని, ఒక జంట గాని కాపురముండవలెను. భార్యాభర్తలిద్దరూ ఆ తోట కూలీలే. ఇద్దరిపైనా అధికారి ఆ ఓవర్సీయరే.

ఈ ఏర్పాటులో తోటదొర దృష్టికి స్త్రీపురుషుల అనుబంధం రెండు విధాల కనిపించినది. కూలీలు స్థిరంగా ఉండడానికి జంటలు కొన్ని అవసరం. కనుకనే ఆ నలుబదిమంది లెక్క. ఆ లెక్క చాలక లైన్లలో కొట్లాటలు, హత్యలు, ఆత్మహత్యలు జరిగినప్పుడు మాత్రం యాజమాన్యం నెపం కూలీల నీతిమీద పెట్టినది. స్త్రీల కొరకు పురుషులలో పుట్టిన అసూయే దీనికంతకూ మూలమని అధికారుల నివేదికలలో వ్రాసుకున్నారు. అట్టి నిష్పత్తిని నిర్ణయించినదెవరు, ఏడడుగుల గదులు కట్టించినదెవరు అన్న ప్రశ్న అందులో లేదు. 1915లో ఫిజీకి వెళ్లి విచారించిన సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్‌లు ఆ ప్రశ్న అడిగినారు. దోషం మనుష్యులది కాదు, ఏర్పాటుదని తేల్చినారు.

ఓవర్సీయరు స్వయంగా హద్దు మీరినప్పుడు ఏమి జరిగినదో కుంతి కథ చెబుతుంది. ఒక ఓవర్సీయరు ఆమెను ఒంటరిగా దూరపు పనికి పంపి, అక్కడ బలాత్కారానికి తలపడగా ఆమె తప్పించుకొని నదిలో దూకినది. పడవలో ఉన్న ఒక పిల్లవాడు ఆమెను కాపాడినాడు. ఆమె వాంగ్మూలం కలకత్తాలోని హిందీ పత్రిక 'భారత్ మిత్ర'లో అచ్చయి దేశమంతటా కలవరం పుట్టించినది. ఫిజీ అధికారులు ఆమె మాట నిజం కాదన్నారు. 1914లో తోతారామ్ సనాఢ్య అనుభవాలు బనారసీదాస్ చతుర్వేది కలం ద్వారా 'ఫిజీ ద్వీప్ మేఁ మేరే ఇక్కీస్ వర్ష్' అన్న పుస్తకంగా వెలువడినప్పుడు హిందీ పాఠకులు ఈ సంగతులు మరింత వివరంగా తెలిసికొన్నారు. గిర్మిట్ పద్ధతి రద్దుకావలెనన్న ఉద్యమానికి ఆ పుస్తకం గొప్ప బలమిచ్చినది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒడంబడికలన్నీ రద్దయినవి. నూలుశాలలో దండం చెల్లించవలసినవాడు అధికారి కాగా, చెరకుతోటలో నష్టమంతా కూలిస్త్రీదే అయినది.

తోటలో బలవంతం కొరడా పట్టుకొని నిలిచినది. పట్టణాలలో తలయెత్తిన కొత్త పరిశ్రమలలో యజమాని తీరు మర్యాదగా ఉండేది. లెక్క మాత్రం తప్పలేదు. 1934లో హిమాంశు రాయ్, ఆయన భార్య దేవికారాణి బొంబాయి శివార్లలో మలాడ్‌లో బాంబే టాకీస్ నెలకొల్పినారు. జర్మనీ నుండి దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్ మొదలైన నిపుణులు వచ్చినారు. చదువుకున్న యువతీయువకులు మర్యాదగా పనిచేయదగిన సంస్థగా దానికి పేరు వచ్చినది. 'జీవన్ నయ్యా' నిర్మాణకాలంలో దేవికారాణికి, ఆమె సరసన నటిస్తున్న నజ్ముల్ హసన్‌కు మధ్య అనురాగం కలిగి, ఇద్దరూ కలకత్తా వెళ్లిపోయినారు. చిత్రం సగంలో ఆగినది. ఇక్కడ యజమాని భర్త కూడా. భర్త మనసులో ఏమి జరిగినదో మనకు తెలియదు; యజమాని చేసినది మాత్రం తెలుసు. సంస్థలో పనిచేస్తున్న శశధర్ ముఖర్జీ మధ్యవర్తిత్వం నెరపగా దేవికారాణి తిరిగి వచ్చినది. నజ్ముల్ హసన్‌కు ఉద్వాసన జరిగినది. అతని స్థానంలోకి ప్రయోగశాలలో సహాయకుడుగా ఉన్న ఒక యువకుని లాగి నిలబెట్టినారు. అతడే అశోక్ కుమార్. ఆ చిత్రం, దాని తరువాత 'అఛూత్ కన్యా', 1936లోనే విడుదలయినవి.

హిందీ చలనచిత్ర చరిత్రకు ఇది అదృష్టమే అయినది. కాని యజమాని తర్కం గమనించండి. తప్పు ఇద్దరిదీ అనుకుంటే శిక్ష ఇద్దరికీ పడవలెను. సంస్థకు ఎవరు ఎక్కువ అవసరమో వారు నిలిచినారు. ఎవరి స్థానంలో మరొకరిని నిలుపవచ్చునో వారు పోయినారు. ఈ సందర్భంలో పోయినవాడు పురుషుడు. సాధారణంగా కార్యాలయాలలో తక్కువ జీతం తీసుకునేది, క్రింది హోదాలో ఉండేది స్త్రీ కనుక, అదే తర్కం వేయిచోట్ల ఆమెనే బయటికి పంపినది.

స్వతంత్రభారతం వచ్చినది. 1953 జనవరిలో ఢిల్లీలో ఒక వివాహం జరిగినది. వరుడు చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్, ఆర్థికమంత్రి, ప్రణాళికా సంఘం సభ్యుడు. వధువు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి, ఆ ప్రణాళికా సంఘంలోనే సభ్యురాలు. ఆయన భార్యావియోగం పొందినవాడు. ఆమెకు బాల్యంలో జరిగిన వివాహం ఎన్నడో ముగిసినది. కలిసి చేసిన పనిలో ఒకరినొకరు తెలిసికొని చేసికొన్న వివాహమది. సాక్షులలో ఒకరు జవహర్‌లాల్ నెహ్రూ. ప్రధానమంత్రి మాత్రమే కాక ఆ సంఘానికి అధ్యక్షుడు కూడా. సంస్థ అధిపతి తన క్రింద పనిచేసే ఇద్దరి అనురాగానికి సాక్షిసంతకం పెట్టిన అపూర్వ సందర్భమిది. ఆ దాంపత్యం వలన దేశసేవకు లోపం కలగలేదు. ఆ సంవత్సరమే ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయి తొలి అధ్యక్షురాలయినది. తమ జీవితకథను ఆమె 'చింతామణ్ అండ్ ఐ' అన్న పుస్తకంలో చెప్పుకున్నది.

ఆ మరుసటి సంవత్సరం, అనగా 1954లో, ఆ ప్రభుత్వమే ఇండియన్ అడ్మినిస్ట్రేటివ్ సర్వీసు నియామక నిబంధనలు చేసినది. వివాహిత స్త్రీకి ఆ కొలువులో నియామకం హక్కుగా లభించదనీ, ఉద్యోగంలో చేరిన తరువాత స్త్రీ వివాహం చేసికొంటే పరిపాలనా సామర్థ్యం దృష్ట్యా రాజీనామా కోరవచ్చుననీ అందులో ఒక నిబంధన. పురుషునికి అట్టి నిబంధన లేదు. మంత్రిపదవిలోను, సంఘసభ్యత్వంలోను ముచ్చటగా కనబడిన వివాహం, గుమాస్తా బల్లకు కాస్త పైమెట్టున కూర్చున్న యువతి విషయంలో సామర్థ్యానికి విఘాతమైనది!

అన్నా రాజం జార్జి 1951లో ఆ సర్వీసుకు ఎన్నికైనది. వివాహం చేసికొంటే ఉద్యోగం పోతుందన్న షరతు ఆమె నియామకపత్రంలోనే ఉన్నది. ఆమె మద్రాసు రాష్ట్రంలో చేరి హోసూరు సబ్‌కలెక్టరుగా గుర్రమెక్కి గ్రామాలు తిరిగినది. చాలా యేండ్లకు, నిబంధన సడలిన తరువాత, ఆ సర్వీసుకే చెందిన ఆర్.ఎన్. మల్హోత్రాను వివాహమాడినది. ఆయన రిజర్వుబ్యాంకు గవర్నరయినాడు. ఆమె బొంబాయి చెంత నవాశేవా రేవు నిర్మాణభారం వహించినది. ఇద్దరి సామర్థ్యానికీ భంగం కలిగిన జాడ లేదు.

కొడగు ఆడపడుచు సి.బి. ముత్తమ్మ కథ వేరు. ఆమె 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. వివాహం చేసికొంటే రాజీనామా ఇస్తానని ఆమెచేత హామీపత్రం వ్రాయించుకున్నారు. 1961 నాటి ప్రవర్తనా నిబంధనల ప్రకారం ఆ సర్వీసులోని స్త్రీ వివాహానికి ముందు ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. అనగా యజమాని పెండ్లిపెద్ద స్థానంలో కూర్చున్నాడు. ఆమె అవివాహితగానే ఉండిపోయినది. పదోన్నతి నిరాకరింపబడినప్పుడు సుప్రీంకోర్టుకు ఎక్కినది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ నిబంధనలను తీవ్రంగా విమర్శించినాడు. కుటుంబ బాధ్యతలు స్త్రీ పనికి అడ్డు వస్తాయంటే పురుషుని పనికి మాత్రం రావా అన్నది ఆయన ప్రశ్న. నిబంధనలలో ఒకటి అప్పటికే తొలగినదనీ, రెండవది తొలగింపబడుతున్నదనీ ప్రభుత్వం విన్నవించుకున్నది. ఇట్టి వివాహనిషేధం మన మేధస్సులో పుట్టినది కాదు; బ్రిటిష్ కొలువు నుండి వచ్చిన ఆచారం. చిత్రమేమంటే బ్రిటన్ స్వదేశంలో తన సివిల్ సర్వీసు నుండి దీనిని 1946లోనే తొలగించినది. మనం ఆ తరువాత దానిని మన పుస్తకాలలో వ్రాసుకున్నాము.

కార్ఖానాలలోను ఇదే జరిగినది. బొంబాయిలో ఒక ఔషధ సంస్థ, వివాహం చేసికొన్న స్త్రీ ఉద్యోగం తనంతట తానే రద్దవుతుందని నియమం పెట్టినది. మందులు పెట్టెలలో సర్దే పని జట్లుగా సాగుతుంది, వివాహితలు ఎక్కువగా సెలవు పెట్టడం వలన జట్టు చెదురుతుంది అన్నది యాజమాన్యం వాదన. 1965లో సుప్రీంకోర్టు దీనిని అంగీకరించలేదు. వివాహిత మాత్రమే ఎక్కువగా పని ఎగగొడుతుందనడానికి ఆధారమేదీ లేదన్నది. పిల్లల కారణంగా సెలవులు పెరుగుతాయంటే పిల్లలున్న వితంతువు విషయంలోనూ అంతే గదా అన్నది. కార్మికసంఘం నెగ్గినది.

విమానసంస్థ విషయంలో న్యాయస్థానం ఇంత ధైర్యం చూపలేదు. ఎయిర్ ఇండియాలో ఎయిర్‌హోస్టెస్ 35 యేండ్లు నిండినా, చేరిన నాలుగేండ్లలోపల వివాహం చేసికొన్నా, మొదటిసారి గర్భవతి అయినా కొలువు విడిచిపోవలెనన్న నియమం ఉండేది. అదే విమానంలో దాదాపు అవే పనులు చేసే పురుష సిబ్బందికి ఈ బంధాలు లేవు. వారు 58 యేండ్ల వరకు పనిచేయవచ్చును. 1981లో సుప్రీంకోర్టు గర్భనిబంధనను కొట్టివేసినది. కాని నాలుగేండ్ల వివాహనిషేధాన్ని నిలిపినది. అంతలో యువతికి పరిపక్వత వస్తుంది, కుటుంబనియంత్రణకు మేలు, శిక్షణకు పెట్టిన వ్యయం సంస్థకు దక్కుతుంది అన్నవి చూపిన కారణాలు. యజమాని జమాఖర్చుల పుస్తకం న్యాయస్థానపు తీర్పులో ప్రతిధ్వనించినది.

ఈ లెక్క ఎంత దూరం వచ్చినదో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలును. సైనిక నర్సింగ్ సర్వీసులోని ఒక నర్సు సైన్యాధికారిని వివాహమాడినది. ఆ కారణంగా 1988లో ఆమెను కొలువు నుండి తొలగించినారు. వివాహం ఇద్దరిదీ, ఉద్యోగం పోయినది ఒకరిది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదనీ, అది లింగవివక్ష అనీ తీర్పు చెప్పి, 60 లక్షల రూపాయల పరిహారం ఇప్పించినది. ఆ నిబంధనను 1995లోనే ఉపసంహరించుకున్నారు. ఐనా ఆమెకు న్యాయం దక్కడానికి ముప్పదియైదేండ్లకు పైగా పట్టినది.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి యజమాని భయాలన్నీ వట్టివని తీర్మానించడం న్యాయం కాదు. పై అధికారికీ, అతని క్రింద పనిచేసే వ్యక్తికీ మధ్య అనురాగం కలిగినప్పుడు తోటివారికి అనుమానం కలగడం సహజం. ప్రియమైనవారికి మంచి పని, మంచి జీతం, మంచి మాట దక్కుతాయేమో అన్న శంక ఒక్కసారి నాటుకుంటే కార్యాలయం చెడిపోతుంది. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. జీతం నిర్ణయించే మనిషి అడిగినప్పుడు ఔనన్న మాట ఇష్టంతో వచ్చినదా, భయంతో వచ్చినదా అన్నది బయటివారికే కాదు, కొన్ని వేళల చెప్పినవారికే తెలియదు. చీకటివేళ నూలుశాల అధికారికి పెట్టిన హద్దులో ఉన్న వివేకం ఇదే.

ఆ వివేకం మన చట్టంలోకి తిరిగి రావడానికి చాలా కాలం పట్టినది. 1992లో రాజస్థాన్‌లో ఒక గ్రామస్థాయి కార్యకర్త, తన ఉద్యోగధర్మంగా బాల్యవివాహాన్ని అడ్డగించినందుకు సామూహిక అత్యాచారానికి గురి అయినది. దాని ఫలితంగా వచ్చిన విశాఖా తీర్పు 1997లో పనిచేసేచోట స్త్రీల రక్షణకు మార్గదర్శక సూత్రాలు నిర్దేశించినది. 2013లో పార్లమెంటు చట్టం చేసినది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి కార్యాలయంలోను అంతర్గత సంఘముండవలెను. దానికి ఉన్నత హోదాలోని మహిళ అధ్యక్షత వహించవలెను, సభ్యులలో సగానికి తక్కువ కాకుండా స్త్రీలుండవలెను, బయటివారొకరు ఉండవలెను. ఈ చట్టానికి ప్రాణం ఒక్క మాటలో ఉన్నది: అవాంఛితం. ఇష్టపడి దగ్గరైన ఇద్దరి విషయంలో ఈ చట్టానికి పని లేదు. ఇష్టం లేనిచోట బలం ఉపయోగించినవానినే అది నిలదీస్తుంది. ఉద్యోగాశ చూపడం, ఉద్యోగభయం పెట్టడం రెండూ దాని దృష్టిలో దోషాలే. కూలి ఆపడం, ఊరక కూలి ఇవ్వడం అని కౌటిల్యుడు వేరుచేసి చెప్పిన రెండు ఆయుధాలు ఇక్కడ మరల కనబడుతున్నవి.

ప్రభుత్వం మరియొక దిక్కున కూడ మారినది. వివాహిత అయితే పొమ్మన్న ఆ ప్రభుత్వమే 1986లో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైనచో వీలైనంతవరకు ఇద్దరినీ ఒకే ఊరిలో నియమించవలెనని ఉత్తరువు చేసినది. దాంపత్యం కొలువుకు శత్రువు కాదని అధికారికంగా ఒప్పుకొన్నట్లే అయినది. నేడు ప్రైవేటు సంస్థలలో అనేకం తమ ఉద్యోగుల అనుబంధాలను నిషేధించవు. ఒకరు మరొకరి పై అధికారి అయినచో ఆ సంగతి తెలియజేయుమని అడుగుతవి. ఇద్దరిలో ఒకరిని వేరే విభాగానికి మారుస్తవి. ఇది సబబైన పద్ధతే. అయితే మార్పు వచ్చినప్పుడు మారవలసినదెవరు? మంచి పని విడిచి, మూలకు పోయి కూర్చోవలసినది మరల క్రింది హోదాలోని స్త్రీయే అయితే, నియమం పేరు మారినదే గాని పాత లెక్క మారలేదనవలెను.

యజమానులు ప్రేమను ఎప్పుడూ అనుమానించినారు. ఇకముందు కూడ అనుమానిస్తారు. అది వారి వృత్తిధర్మం. ఆ అనుమానానికి మూల్యం ఎవరిచేత చెల్లింపజేస్తారన్నదానిని బట్టి వారి న్యాయబుద్ధిని కొలవవచ్చును. సమానులైన ఇద్దరు ఇష్టపడితే యజమానికి అక్కడ పని లేదు. ఒకరి చేతిలో అధికారమున్నప్పుడు హద్దు ఆ చేతికే పెట్టవలెను. మార్పు అటువైపు నుండే మొదలు కావలెను. మన దేశంలో ఈ సూత్రం మిక్కిలి పాతది. ఆచరణ మాత్రం ఇంకా కొత్తగానే ఉన్నది.